ఇంటి బడ్జెట్ ఎలా వేసుకోవాలి: ముందు ఏడాది లెక్క, తర్వాతే నెల లెక్క

"ఒకటో తారీఖు జీతం పడుతుంది, ఇరవయ్యో తారీఖుకు చేతిలో పైసలుండవు. ఏం చేయాలి?" హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ ఇదే. అడిగేవాళ్లు దుబారా మనుషులేం కాదు. హోటల్ తిండి మానేసినవాళ్లు, బండి పక్కన పెట్టి బస్సెక్కుతున్నవాళ్లు కూడా ఉన్నారు. అయినా లెక్క కుదరడం లేదు.

కుదరకపోవడానికి కారణం చాయ్, సమోసా కాదు. జూన్‌లో బడి ఫీజు, శ్రావణంలో పెళ్లిళ్లు, దసరాకు బట్టలు, బండి ఇన్సూరెన్స్, మేడారం ప్రయాణం. ఇవన్నీ వస్తాయని ముందే తెలుసు, ఏ నెలలో వస్తాయో కూడా తెలుసు. అయినా వచ్చిన ప్రతిసారీ "అనుకోని ఖర్చు పడింది" అంటూ అప్పు తెస్తాం. ఆ అప్పు కిస్తీ వచ్చే నెల జీతంలోంచి పోతుంది. అందుకే కింది పద్ధతిలో నెల లెక్క నాలుగో అడుగులో గానీ రాదు. ముందు ఏడాది లెక్క తేలాలి.

ఏమేం కావాలి

- ఒక పొడుగు నోట్‌బుక్. యాప్‌లు చెడ్డవని కాదు, యాప్‌లో రాసింది ఒక్కరి ఫోన్‌లోనే ఉంటుంది. నోట్‌బుక్ వంటింటి అలమారలో ఉంటే ఇద్దరూ చూస్తారు.
- గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపులు కూడా అందులోనే కనిపిస్తాయి.
- కిరాణా కొట్టులో ఉద్దెర కాతా ఉంటే దాని మొత్తం.
- అప్పుల కాగితాలు, చిట్టీ పాస్‌బుక్కు, పొదుపు సంఘం అప్పు కిస్తీ వివరం.
- మీ ఇంట్లో జరిగిన శుభకార్యాల కట్నాల బుక్కు, అంటే వచ్చినవాళ్లు పెట్టిన చదివింపులు రాసిన పుస్తకం. ఎందుకో రెండో అడుగులో చెప్తాను.
- ఇంకో బ్యాంకు ఖాతా లేదా పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా.
- ఇంట్లో సంపాదించేవాళ్లు, ఖర్చుపెట్టేవాళ్లు అందరూ కలిసి కూర్చునే ఒక సాయంత్రం. ఒక్కరే కూర్చుని వేసిన బడ్జెట్‌ను రెండోవాళ్లు పాటించరు. పాటించాలని అనుకోవడం కూడా న్యాయం కాదు.

1. చేతికొచ్చే ఆదాయం రాయండి

కాగితం మీది జీతం కాదు, పీఎఫ్ గీఎఫ్ కోతలు పోయాక ఖాతాలో పడేది రాయండి. టైలరింగ్, ట్యూషన్, పాల పైసలు లాంటివి నెలనెలా మారుతుంటే గత ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల అంకె వేసుకోండి. ఓవర్‌టైం, బోనస్ ఈ లెక్కలోకి రావు. సింగరేణివాళ్లు కూడా లాభాల వాటా సొమ్మును ఇక్కడ కలపొద్దు. అది ఎంత వస్తుందో వచ్చిన రోజే తెలుస్తుంది.

గ్యాస్ సబ్సిడీ దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. 500 రూపాయల సిలిండర్ పథకంలో ఉన్నా డెలివరీ రోజు పూర్తి ధర కడతాం, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. అందుకని ఖర్చు వైపు పూర్తి ధరే రాయండి. సబ్సిడీని పడిన రోజున ఆదాయం వైపు రాసుకోండి.

2. ఏడాది పట్టిక గీయండి

ఈ అడుగు మీద గంటసేపైనా పెట్టండి. ఒక పేజీలో జూన్ నుంచి మే దాకా పన్నెండు గడులు గీయండి. జనవరి నుంచి మొదలుపెట్టకండి, పిల్లలున్న ఇంటికి కొత్త ఏడాది జూన్‌లోనే వస్తుంది. ఒక్కో నెల ఎదురుగా ఆ నెలకే వచ్చే ఖర్చులు రాయండి. గుర్తు చేయడానికి:

జూన్, జూలై: ఫీజు మొదటి విడత, పుస్తకాలు, డ్రెస్సులు, బూట్లు, ఆటో అడ్వాన్సు. నిరుటి రసీదు చూసి రాయండి, గుర్తున్న అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కట్నాల ఖర్చు ఉండదు. ఆ మిగిలింది ఆషాఢం సేల్ పాలు కాకుండా చూసుకోండి.

ఆగస్టు: ఊళ్లో పోచమ్మ బోనాలు, రాఖీకి వచ్చే ఆడబిడ్డలు, శ్రావణం పెళ్లిళ్లు.

సెప్టెంబర్ నుంచి నవంబర్: వినాయకుడి చందా, బతుకమ్మ, దసరా, దీపావళి. చీరలు, పిల్లల బట్టలు, యాటకూర, ఊరికి పోయిరావడం అన్నీ విడివిడిగా రాయండి. "దసరా ఖర్చు" అని ఒకే అంకె వేస్తే అందులో సగం మరిచిపోతారు.

డిసెంబర్, జనవరి: ఫీజు రెండో విడత, సంక్రాంతి, ఐనవోలు మల్లన్న. కొత్త వడ్లు వచ్చాక ఏడాది బియ్యం ఒకేసారి కొనే అలవాటుంటే అది కూడా ఇక్కడే.

ఫిబ్రవరి నుంచి మే: మాఘ, ఫాల్గుణ, వైశాఖ ముహూర్తాలు, శివరాత్రికి వేములవాడ, ఎండుమిరపకాయలు, పసుపు, మామిడికాయ తొక్కు, కూలర్ రిపేరు. సొంతిల్లు ఉంటే ఇంటి పన్ను. దీన్ని ఏప్రిల్‌లో ముందుగా కట్టేవాళ్లకు సాధారణంగా 5 శాతం రాయితీ ఇస్తుంటారు.

మేడారం రెండేళ్లకోసారి కాబట్టి దాని ఖర్చులో సగం ప్రతి ఏడాదికీ వేయండి. 2024లో, 2026లో జాతర అయింది, ఇక 2028లో వస్తుంది. నిలువెత్తు బంగారం మొక్కు ఉన్నవాళ్లు బెల్లం ధర కూడా కలపండి.

ఇక కట్నాల బుక్కు. మీ ఇంట్లో పెళ్లికో గృహప్రవేశానికో ఎవరెవరు ఎంత రాయించారో అందులో ఉంటుంది. ఆ పేర్లు చదువుతూ ఎవరింట్లో పెళ్లీడు పిల్లలున్నారో, ఎవరు ఇల్లు కడుతున్నారో గుర్తు పెట్టుకోండి. రాబోయే ఏడాది మీరు తిరిగి పెట్టాల్సిన మొత్తం దాదాపుగా తేలిపోతుంది. కట్నాల ఖర్చు అంచనాకు అందదనేది నేను ఒప్పుకోను. మన ఇళ్లల్లో ఇంత పక్కాగా రాసిపెట్టిన లెక్క ఇంకోటి లేదు. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడాదైతే మాత్రం దాన్ని వేరే గడిలో రాయండి. చీరలు, భోజనాలు కలిపితే అది మామూలు కట్నాల లెక్కకు లొంగదు.

3. పన్నెండుతో భాగించి, ఆ పైసలు వేరే ఖాతాలో వేయండి

హన్మకొండలో కిరాయికి ఉంటూ ఇద్దరు పిల్లలను చదివిస్తున్న ఒక ఇల్లు అనుకుందాం. నెలకు ఆయన జీతం 24,000, ఆమె టైలరింగ్ 6,000, మొత్తం 30,000 రూపాయలు. వాళ్ల ఏడాది పట్టిక ఇలా ఉంటుంది:

- ఇద్దరి ఫీజులు, పుస్తకాలు, డ్రెస్సులు: 45,000
- బతుకమ్మ, దసరా: 12,000
- కట్నాలు, శుభకార్యాలు: 10,000
- దవాఖాన, మందులు: 6,000
- బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్: 4,000
- మిగతా పండుగలు: 4,000
- మేడారం (6,000లో సగం): 3,000

మొత్తం 84,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 7,000. అంటే వీళ్ల నెల ఆదాయం 30,000 కాదు, 23,000. ఈ మాట మింగుడుపడటం కష్టం, కానీ ఇది తేలనంతవరకు మిగతా లెక్కలన్నీ తప్పే వస్తాయి.

ఆ 7,000 జీతం పడిన రోజే రెండో ఖాతాకు పోవాలి. దానికి యూపీఐ కలపకండి. ఏటీఎం కార్డు తీసుకున్నా ఇంట్లోనే పెట్టండి. బడి ఫీజు వరకు ఇంకో దారి ఉంది: జూన్‌లో 12 నెలల ఆర్‌డీ (నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెడితే సరిగ్గా మళ్లీ జూన్‌కు చేతికొస్తుంది. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, ఈ పనికి పనికిరాదు. బ్యాంకు ఆర్‌డీ పెట్టండి.

ఏడాది మధ్యలో మొదలుపెడుతున్నారా? అప్పుడు పన్నెండుతో భాగిస్తే కుదరదు. దసరాకు మూడు నెలలే ఉంటే 12,000ను మూడుతో భాగించాలి, నెలకు 4,000 వస్తుంది. అంత తీయలేమంటే ఈ దసరాను 7,500కు దించండి: యాటను నాలుగిళ్లు కలిసి తెచ్చి పోగులు వేసుకోవడం, పెద్దవాళ్ల బట్టలు ఈసారికి ఆపడం. మొదటి ఏడాది ఇరుకుగానే ఉంటుంది. అప్పు తెచ్చి దసరా చేసుకుంటే రెండో ఏడాది కూడా ఇరుకే.

4. మిగిలినదాంట్లో నెల నడపండి

అదే ఇంటి 23,000 ఇలా పోతుంది:

- కిరాయి: 6,500
- కిరాణం: 5,500
- కూరగాయలు, పాలు, కూర: 4,500
- గ్యాస్, కరెంటు, ఫోన్లు, కేబుల్: 1,800
- పెట్రోలు, చార్జీలు: 1,800
- సంఘం అప్పు కిస్తీ: 2,000
- చేతిలో: 900

బొటాబొటిగా ఉంది కదా. నిజమైన లెక్కలు ఇలాగే ఉంటాయి. మీది మైనస్‌లోకి పోతే ముందు పెద్ద అంకెల దగ్గరికి వెళ్లండి. కిరాయి, ఫీజు, అప్పు కిస్తీ, ఈ మూడింట్లో ఒకటి తగ్గనిదే పాల ప్యాకెట్లు తగ్గించి లాభం లేదు.

తెలంగాణలో మనకు రావాల్సినవి వదులుకోకండి. రేషన్ కార్డు ఉంటే మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తుంది. నలుగురుంటే 24 కిలోలు, ఆ మేరకు కిరాణం అంకె దిగాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు పైసలు కట్టనక్కర్లేదు. సూపర్ లగ్జరీ ఎక్కితే మామూలుగా టికెట్ కొనాల్సిందే. గృహజ్యోతిలో 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. దాటితే పైన కాలిన నాలుగు యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ తిరుగుతుంటే రీడింగ్ తీసిన పదిహేనో రోజున మీటర్ చూడండి. అప్పటికే వంద దాటిందంటే ఆ నెల జీరో బిల్లు మీద ఆశ పెట్టుకోకండి, లేదంటే ఆ రోజు నుంచే తగ్గించండి.

5. రోజు ఖర్చును వారానికి కట్టేయండి

కూరగాయలు, పాలు, చిల్లర తిండి నెల అంకెతో ఆగవు. 4,500ను వారానికి 1,000 చొప్పున తీయండి, చివరి రెండు మూడు రోజులకు 500 ఉంటుంది. నగదు తీసి డబ్బాలో పెడితే ఉత్తమం. ఫోన్‌తోనే కట్టే అలవాటుంటే తక్కువ బ్యాలెన్సు ఉన్న ఖాతానే యూపీఐకి కలిపి, ప్రతి ఆదివారం అందులో 1,000 వేసుకోండి. శుక్రవారానికే అయిపోతే రేపు, ఎల్లుండి పప్పుచారు. వచ్చే వారం పైసల్లో చేయి పెట్టకండి.

6. అప్పులను మిత్తి చూసి వరస పెట్టండి

పెద్ద అప్పు ముందు తీర్చాలా, చిన్నదా అని అడుగుతుంటారు. రెండూ కాదు. ఎక్కువ మిత్తిది ముందు.

నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. నూటికి మూడంటే 36 శాతం. మూడు రూపాయల మిత్తికి 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 కట్టినా అసలు 50,000 కదలదు.

గిరిగిరి వాళ్ల అప్పు చూడటానికి చిన్నగా ఉంటుంది. 10,000 అని రాసుకుని 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. "1,500 ఏ కదా" అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు కాబట్టి, లెక్క కట్టి చూస్తే నెలకు నూటికి దాదాపు పది రూపాయల మిత్తి పడుతుంది. ఇది అన్నిటికంటే ముందు పోవాలి. క్రెడిట్ కార్డులో మినిమం కట్టి వదిలేసిన బాకీకి నూటికి మూడు, మూడున్నర రూపాయల దాకా పడుతుంది, కాబట్టి తర్వాతి వంతు దానిది. పొదుపు సంఘం అప్పు, బ్యాంకు అప్పు చివర్లో.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి మూడు రూపాయల అప్పు తీర్చేయడం లాభమే. అక్కడ మిత్తి సాధారణంగా నూటికి రూపాయి లోపు ఉంటుంది. ఒక్క హెచ్చరిక: గడువు తేదీ ఏడాది పట్టికలో ఎర్ర సిరాతో రాయండి, గడువు దాటితే నగ వేలానికి పోతుంది. ఫోన్‌లో నిమిషంలో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి అసలు పోకండి.

చిట్టీ సంగతి. ఎత్తని చిట్టీ పొదుపు, ఎత్తిన చిట్టీ అప్పు. ఎత్తాక మిగిలిన కిస్తీలన్నీ అప్పుల పేజీలోకి మార్చండి. కొత్తగా చేరేముందు అది 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో కాగితం చూపించమని అడగండి. తెలిసినాయనే కదా అని మొహమాటపడితే రేపు ఫిర్యాదు చేయడానికి కాగితం ఉండదు.

7. ఆపదకు కొంత

ఒక నెల కిరాయి, తిండి ఖర్చు అంత సొమ్ము ఏడాది ఖాతాలోనే విడిగా పోగేయండి. నెలకు 300 అయినా సరే. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగినా, వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో చూపించుకున్నా, వెంట ఉన్నవాళ్ల తిండి, చార్జీలు చేతిలోంచే పోతాయి. బ్యాంకు ఖాతా మీద ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్ష బీమాలు తీసుకుంటే ఒక్కోదానికి 2 లక్షల రక్షణ. మొదటిది ఎలా పోయినా వర్తిస్తుంది, చేరడానికి 50 ఏళ్లలోపు ఉండాలి. రెండోది ప్రమాదానికి, 70 ఏళ్ల దాకా. ఇవి జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి. మే ఆఖరున ఖాతాలో పైసలు లేకపోతే బీమా ఆగిపోతుంది.

పంట మీద, రోజు కూలి మీద బతికేవాళ్లు

మీకు నెల ఆదాయం లేదు కాబట్టి మొదటి అడుగు వేరే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి పైసలు చేతికి రాగానే మూడు భాగాలు చేయండి. మొదటిది అప్పు, మిత్తి. రెండోది వచ్చే వానాకాలం విత్తనాలు, ఎరువులు, దున్నకం. మిగిలిందే ఇంటిది. దాన్ని మళ్లీ పంట పైసలు వచ్చేదాకా ఎన్ని నెలలో అన్నింటితో భాగించి, నెలకు అంతే తీయండి. రైతు భరోసా ఎకరానికి పంటకు 6,000 అయినా, పడే తారీఖును నమ్ముకుని ఎవరికీ మాట ఇవ్వకండి. అడ్తిదారు దగ్గర ఎరువుల ఉద్దెర తెచ్చి పంట ఆయనకే పోస్తుంటే, బయటి ధరకూ ఆయన ధరకూ ఉన్న తేడా కూడా మిత్తిలోనే కలపండి. అప్పుడు గానీ అసలు మిత్తి ఎంతో తెలియదు.

ఆటో నడిపేవాళ్లు, కూలికి పోయేవాళ్లు నెల కోసం ఆగకుండా ప్రతి శనివారం ఏడాది వాటా పక్కకు తీయండి. పని బాగా దొరికిన వారం ఎక్కువ, దొరకని వారం సున్నా.

ఎక్కువమంది చేసే తప్పులు

ఏడాది ఖాతాలో 20,000 కనిపించగానే "మిగిలినయి కదా" అని కొత్త ఫోన్‌కు డౌన్‌పేమెంట్ కట్టడం. అవి మిగిలినవి కావు, ఫీజు పైసలు. నోట్‌బుక్ చివరి పేజీలో ఆ ఖాతా సొమ్ములో ఏది దేనికో విడగొట్టి రాసి ఉంచితే ఈ పొరపాటు జరగదు.

సున్నా మిత్తి కిస్తీ అని టీవీ తేవడం. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, నగదుకు కొంటే ధర ఎంత తగ్గిస్తారో రెండూ అడిగి చూడండి.

ప్రతి రూపాయీ రాయాలనుకుని పదో రోజుకు నోట్‌బుక్ మూసేయడం. వారం డబ్బాలోంచి పోయేదాన్ని రాయనక్కర్లేదు, డబ్బా ఖాళీ అయిందా లేదా చాలు. డబ్బా బయట 200 దాటినవే రాయండి.

"నలుగురూ ఏమనుకుంటారు" అని స్తోమతకు మించి కట్నం రాయించడం. బుక్కులో వాళ్లు మీకు పెట్టినదానికి సమానంగా పెడితే ఎవరూ ఏమీ అనరు. కొంచెం కలిపి పెడితే సంతోషిస్తారు. దానికి రెట్టింపు పెడితే వాళ్లకు మీ అప్పు సంగతి తెలియదు, అంతే.

తల్లిదండ్రులకు ఊరికి పంపే పైసలు లెక్కలో రాయకపోవడం. రాయకపోతే ఖర్చు ఆగదు, లెక్క తప్పుతుంది.

సరిగ్గా నడుస్తుందో లేదో చూసేదెలా

నెలలో 25వ తారీఖున పది నిమిషాలు కూర్చోండి. మూడు అంకెలు చూడండి: కిరాణా ఉద్దెర పోయిన నెల ఇదే రోజుకంటే తగ్గిందా, అప్పుల అసలు మొత్తం తగ్గిందా, ఏడాది ఖాతాలో ఉండాల్సినంత ఉందా. మూడోది లెక్కించడం తేలిక: ఇప్పటిదాకా వేసినదాంట్లోంచి పట్టిక ప్రకారం అయిపోయిన ఖర్చులు తీసేస్తే వచ్చేదే ఖాతాలో కనిపించాలి. తక్కువుంటే ఎవరో చేయి పెట్టారన్నమాట. గొడవపడకుండా దేనికి పోయిందో రాసి, పట్టికలో ఆ ఖర్చుకు గడి లేకపోతే కొత్తది గీయండి.

మొదటి రెండు నెలలు అంకెలు తప్పుతాయి. మూడో నెలలో కూడా ఒకే చోట తప్పుతుంటే అక్కడ మీ అంచనా తప్పు, మీ క్రమశిక్షణ కాదు. కిరాణం 5,500 అని రాసి మూడు నెలలూ 6,300 అవుతుంటే 6,300 అనే రాసి, ఆ 800 ఎక్కడి నుంచి వస్తుందో వెతకండి.

తర్వాతి ఏడాది పట్టికను మే మొదటి వారంలో గీయండి. అప్పటికి బడిలో కొత్త ఫీజు ఎంతో అడిగితే చెప్తారు, బేరమాడటానికీ, అవసరమైతే ఇంకో బడి చూడటానికీ నెల రోజులు మిగులుతాయి.